సూర్యాస్తమయం కోసం ఎద్దుల కొట్టం పడగొట్టాను

2023 ఏప్రిల్‌లో ఒక శనివారం, రాత్రి పదిన్నరప్పుడు మూడో గది తలుపు తీసుకుని మా మొదటి అతిథి బయటికొచ్చింది. చంకలో దిండు, చేతిలో చాప. బెంగళూరులో పనితో అలిసిపోయి, నాలుగు రోజులు ప్రశాంతంగా ఉందామని వచ్చిన మనిషి. "ఏమనుకోకండి, గోడకు జ్వరమొచ్చినట్టుంది లోపల" అని అరుగు మీద చాప పరుచుకుంది. నేను వెళ్లి పడమటి గోడకు చెయ్యి ఆనించి చూశాను. నిజంగానే వెచ్చగా ఉంది. మధ్యాహ్నం మూడింటికి ఇదే గోడను తాకి చూపించి "చూశారా, మట్టి ఇల్లంటే ఇదీ" అని గొప్పలు పోయాను ఆవిడ దగ్గర. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, గదిలో వేడి వల్ల కాదు.

మాది పెనుకొండ దగ్గర ఒక ఊరు. జేజినాయన వదిలిపోయిన నాలుగెకరాల మెట్ట, మూడు చింతచెట్లు, సగం కూలిన మట్టి మిద్దె, దానికి పడమటి వైపు ఆనుకుని ఎద్దుల కొట్టం. నేను ఫిజియోథెరపిస్టుని, పన్నెండేళ్లు బెంగళూరులో మెడనొప్పులు, నడుంనొప్పులు చూశాను. చూడగా చూడగా వాటిలో సగం నొప్పులకు కావాల్సింది నా చేతులు కాదు, నాలుగు రోజుల నిద్ర అనిపించింది. అలా పుట్టింది ఈ ఆలోచన: ఆరు గదులు, ఒక హాలు, ఒక వంటిల్లు. వైద్యం ఏమీ లేదు, తినడం, నడవడం, పడుకోవడం. ఏసీ పెట్టకూడదు, సిమెంటు వీలైనంత తక్కువ వాడాలి అన్నవి నేను పెట్టుకున్న రెండు షరతులు.

మొదట చూసిన ఆర్కిటెక్టు మంచి మనిషే గానీ ఆయన చూపించిన బొమ్మలన్నీ బాలి ద్వీపంవి. నేల నుంచి పైకప్పు దాకా అద్దం, చుట్టూ పచ్చదనం. ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్ల వాన పడే చోట ఆ పచ్చదనం ఎక్కణ్నుంచి తెస్తాం సార్ అంటే డ్రిప్ వేద్దాం అన్నారు. అద్దం వెనక ఎండ సంగతేంటి అంటే, గదికొక ఒకటిన్నర టన్ను ఏసీ, మేడమీద సోలార్ ప్యానెళ్లు, కాబట్టి పర్యావరణహితమే అన్నారు. దండం పెట్టి వచ్చేశాను.

కరోనాకు కాస్త ముందు, 2020 మొదట్లో పుదుచ్చేరి దగ్గరున్న ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్‌లో మట్టి దిమ్మెల మీద ఒక శిక్షణకు వెళ్లాను. అక్కడ నేర్చుకున్న మొదటి సంగతి, మన మట్టిని మన కన్నా ఒక గాజు సీసా బాగా చెప్తుంది. పైనున్న అడుగు మన్ను తీసేసి, దాని కింది మట్టిని సీసాలో సగం పోసి, నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి ఒక రోజు వదిలేయాలి. గరుసు, ఇసుక అడుక్కి దిగుతాయి, మధ్యలో ఒండ్రు, పైన బంకమట్టి పొర. దిమ్మెలకు పనికొచ్చే మట్టిలో అటూ ఇటుగా గరుసు 15 శాతం, ఇసుక 50, ఒండ్రు 15, బంక 20 ఉండాలన్నది వాళ్లు చెప్పే లెక్క. ఊరికొచ్చి హార్లిక్స్ సీసాలు తొమ్మిది తెచ్చి పొలంలో తొమ్మిది చోట్ల మట్టి తీసి కిటికీ గట్టు మీద వరుసగా పెట్టాను. మా చిన్నాయన ఒకటొకటే ఎత్తి చూసి "ఊరగాయలా ఇవి?" అన్నాడు. చింతచెట్ల పక్క ఎర్రమట్టి దాదాపు సరిపోయింది. అక్కడే తవ్వాం. ఆ గుంతే తర్వాత వాననీటి కుంట అయింది, లారీ మట్టి ఒక్కటి కూడా కొనలేదు.

దిమ్మెల పనిలో అసలు కష్టం నీళ్లు. చేత్తో నొక్కే ప్రెస్ బాడుగకు తెచ్చాం, మట్టి జల్లెడ పట్టి, 5 శాతం సిమెంటు కలిపి, నీళ్లు చిలకరించి అచ్చులో నొక్కాలి. ఎన్ని నీళ్లు? దానికి ఒక పరీక్ష ఉంది. కలిపిన మట్టిని గుప్పిట్లో ముద్దలా నొక్కి, నడుమెత్తు నుంచి గట్టి నేల మీదికి వదలాలి. ముద్ద నాలుగైదు ముక్కలుగా పగిలితే సరి. పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చాల్లేదు, పగలకుండా అప్పంలా చదునైతే ఎక్కువయ్యాయి. చదివితే ఇంతే. కానీ పొద్దున ఏడింటికి సరిపోయిన నీళ్లు పదకొండింటి ఎండకు సరిపోవు, అందుకని ప్రతి కలుపుకూ ముద్ద వేసి చూడాల్సిందే. కూలీలకు వారం రోజులు విసుగొచ్చింది, ఆ తర్వాత పందేలు కాసుకున్నారు, ఎన్ని ముక్కలవుతుందని.

నొక్కిన దిమ్మెలను మొదట కొన్నాళ్లు పట్టా కప్పి తడి ఆరకుండా ఉంచి, తర్వాత గోనెపట్టాల మీద నీళ్లు చల్లుతూ మొత్తం నాలుగు వారాలు తడపాలి. కాల్చే పని లేదు, కట్టెలు లేవు, పొగ లేదు, బట్టీ ఇటుకతో పోలిస్తే దీని లాభం అదే. 2021 నవంబరులో రాయలసీమ అంతా వానలు ముంచెత్తినప్పుడు, కదిరిలో మేడ కూలి మనుషులు పోయిన ఆ రోజుల్లోనే, మా పట్టాలు గాలికి లేచిపోయి ఆ వారం నొక్కిన దిమ్మెలన్నీ తడిసి కరిగిపోయాయి. పదిహేను రోజుల ముందు నొక్కినవి మాత్రం చెక్కుచెదరలేదు. పోయిన మట్టి మళ్లీ మట్టే కదా, ఎండబెట్టి జల్లెడ పట్టి గోడల లోపలి పూతకు వాడుకున్నాం. కూలీ మాత్రం పోయింది.

బ్యాంకు లోను సంగతి క్లుప్తంగా చెప్తాను, తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ప్లాన్ చూసిన అధికారి "మట్టి గోడలంటే కచ్చా ఇల్లు కదమ్మా, పక్కాగా కట్టండి ఇస్తాం" అన్నారు. మట్టి దిమ్మెలకు ఐఎస్ 1725 అని జాతీయ ప్రమాణమే ఉంది సార్, బలం పరీక్ష చేయించి కాగితం తెస్తానంటే, తెచ్చినా మా కంప్యూటర్లో ఆ ఆప్షన్ లేదన్నారు. నా పీఎఫ్, మా ఆయన పేరు మీద తీసుకున్న పర్సనల్ లోను, చిన్నాయన వేరుశెనగ డబ్బు, వీటితోనే లేచింది ఇల్లు.

ఇప్పుడు మేస్త్రీ గురించి చెప్పాలి. డెబ్బై దాటినాయన, మా జేజినాయన మిద్దెకు చౌడు పోసిన చేతులు. మట్టి మిద్దె చూడని వాళ్లకు రెండు మాటలు: గోడల మీద దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, వాటిపైన నాపరాళ్లో కట్టెలో పరిచి, ఆకు అలమ వేసి, జానెడు మందాన మట్టి, అన్నిటికన్నా పైన చౌడు. చౌడు నేలలో సోడియం ఎక్కువ, తడిస్తే బంకరేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేసుకుంటాయి, నీళ్లు కిందికి దిగవు. పొలంలో రైతు తిట్టుకునే ఆ గుణమే మిద్దె మీద అక్కరకొస్తుంది. కాకపోతే ప్రతి ఏడూ వానలకు ముందు ఒక దఫా చౌడు పోయాలి, మొలిచిన గడ్డి పీకాలి, ఎలుక బొరియలు చూసుకోవాలి.

మేస్త్రీ ఆరు గదులకూ మిద్దె కప్పే అన్నాడు. పాత ఇంటి దూలాలు రెండు గదులకే సరిపోయాయి, కొత్తవి కొనాలంటే చెట్లు కొట్టించాలి. అందుకని రెండు గదులకు మిద్దె, మిగతా నాలుగింటికీ పెంకులు పొదిగిన శ్లాబు. ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడిన లారీ బేకర్ దీన్ని బాగా వ్యాప్తిలోకి తెచ్చాడు. శ్లాబులో బరువును నొక్కుడుగా మోసేది పైభాగం కాంక్రీటు, కింద లాగుడును మోసేది ఇనుము, ఆ కింది కాంక్రీటుకు ఇనుమును పట్టుకుని ఉండటం తప్ప పెద్ద పని లేదు. పని లేని చోట కాంక్రీటు ఎందుకు, ఇనుప గళ్ల మధ్య మంగళూరు పెంకులు రెండేసి బోర్లించి పెడితే సిమెంటు తగ్గుతుంది, పెంకుల మధ్య చిక్కిన గాలి వేడిని కొంత ఆపుతుంది. కింద పడుకుని చూస్తే ఎర్రటి గళ్ల దుప్పటి పరిచినట్టుంటుంది. మేస్త్రీ మాత్రం సెంట్రింగు విప్పిన రోజు తలెత్తి చూసి, "పెంకులు కిందికి, సిమెంటు పైకి. తలకిందులు ఇల్లు కడ్తివి పాపా" అన్నాడు.

గోడల బయటి పూతకు గానుగ సున్నం. సున్నాన్ని గుంటలో మూడు వారాలు నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో నూరి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు పోస్తూ పూశారు. ఆ నీళ్ల పులిసిన వాసన నెల రోజులు పోలేదు. బెల్లానికి చీమలు బారులు కట్టాయి, తేనెటీగలు కూడా వచ్చాయి, ప్రశాంతత కోసం కడుతున్న చోట కూలీలు కండువాలు విసురుకుంటూ పరుగెత్తడం నేను ఫోన్లో తీసి పెట్టుకున్నాను.

అదంతా బాగానే జరిగింది. తప్పు చేసింది నేను, అదీ కొట్టం దగ్గర.

మా పొలం నుంచి పడమటి దిక్కు చూస్తే కొండలు, వాటి వెనక సూర్యుడు దిగడం నిజంగా కళ్లు తిప్పుకోలేనంత బాగుంటుంది. ఇలాంటి చోటికి వచ్చేవాళ్లు ఫోటోలు చూసే కదా వస్తారు, కాబట్టి ఆరు గదుల్లో నాలుగు పడమటి చూపుతో పెట్టాను, అడ్డంగా ఉన్న కొట్టం పడగొట్టించాను. ఆ రోజు మేస్త్రీ గునపం వాళ్లను కాసేపు ఆపి, "పడమర దిక్కు ఊరికే ఇడిస్తే గోడ కాలదా పాపా?" అన్నాడు. మట్టి గోడ కదా, వేడి లోపలికి రానివ్వదు అని నేను ఆరోవిల్ సర్టిఫికెట్ ఉన్నదానిలా జవాబు చెప్పాను. ఆయన ఇంకో మాట మాట్లాడలేదు. మా పెద్దవాళ్లతో ఇదే ఇబ్బంది, ఒక్కసారే చెప్తారు.

మట్టి గోడ వేడిని రానివ్వదు అన్నది సగం నిజం. ఆలస్యంగా రానిస్తుంది. తొమ్మిదంగుళాల మట్టి గోడను దాటి లోపలికి చేరడానికి ఎండకు అటూ ఇటుగా ఎనిమిది గంటలు పడుతుంది. పగలు వాడే బడికో ఆఫీసుకో ఇది అమృతం, వేడి లోపలికొచ్చేసరికి తాళం వేసి వెళ్లిపోతారు. మా దగ్గర మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా తాగిన ఎండను గోడ రాత్రి పదింటి నుంచి తెల్లారేదాకా కక్కుతుంది, సరిగ్గా మనిషి పడుకునే వేళకు. పైగా పెనుకొండ ఉన్నది 14 డిగ్రీల అక్షాంశం మీద, ఏప్రిల్ చివర్లో మధ్యాహ్నం సూర్యుడు సూటిగా నడినెత్తి మీదుంటాడు, నీడ కాళ్ల కిందే పడుతుంది. అంటే దక్షిణపు గోడకు ఎండే తగలదు, నేను ఖర్చుపెట్టి దక్షిణం వైపు వేయించిన పొడుగాటి చూరు వేసవిలో ఉత్త అలంకారం. తగిలేదంతా పైకప్పుకు, పొద్దున తూర్పు గోడకు, సాయంత్రం పడమటి గోడకు. ఈ లెక్కలన్నీ నా నోటుపుస్తకంలో ఉన్నాయి. ఎండ లెక్క ఒక పేజీలో, సూర్యాస్తమయం ఇంకో పేజీలో రాసుకున్నాను, అంతే.

జేజినాయన ఇంట్లో పడమటి గోడకు ఎండే తగిలేది కాదు. ఎద్దులకోసం కట్టిన కొట్టం కాబట్టి అది ఎద్దులదే అనుకున్నాను నేను.

ఆ రాత్రి తర్వాత రెండు వారాలు థర్మామీటర్ పట్టుకుని తిరిగాను. ఒక రోజు అంకెలు చెప్తాను: మధ్యాహ్నం మూడింటికి బయట 40 డిగ్రీలు, గదిలో 33. రాత్రి పదింటికి బయట 30, గదిలో 34. మిద్దె కప్పున్న రెండు గదుల్లో మాత్రం రాత్రి 31. పైన జానెడు మట్టి ఉండటం ఒక కారణం, అవి తూర్పు వైపు ఉండటం ఇంకో కారణం, దేని వాటా ఎంతో విడదీసి చెప్పలేను. మూడోది గవాక్షి, అంటే పైకప్పులో వదిలే కంత. పాత దూలాలతో పాటు పైకప్పులో గవాక్షి కూడా పెట్టాల్సిందేనని మేస్త్రీ పట్టుబట్టాడు, వెలుతురు కోసమేమో అనుకున్నాను. రాత్రి దాని కింద నిలబడి అగరొత్తి వెలిగిస్తే పొగ వంకర పోకుండా నిలువునా ఎక్కి బయటికి పోయింది. కింద కిటికీలోంచి చల్లగాలి వస్తోంది, పైనుంచి వేడిగాలి పోతోంది. శ్లాబు గదుల్లో, కారుతుందేమోనన్న భయంతో నేను ఒక్క రంధ్రం పెట్టలేదు.

దిద్దుబాటుకు ఏడాది పట్టింది. పడమటి గోడల పొడుగునా ఎనిమిదడుగుల వెడల్పున వసారా వేశాం, నీలగిరి గుంజలు, పైన బోదగడ్డి, ముందు వైపు కొబ్బరి మట్టల తడికెలు, వాటి మీదికి రాధామనోహరం పాకించాం. శ్లాబు మీద ఏటా మార్చిలో తెల్ల సున్నం రెండు పూతలు. గదికి రెండు చొప్పున పైకప్పు కింద గోడలో జానెడు కంతలు కొట్టి దోమజాలీ బిగించాం. కట్టిన గోడకు కంత కొడుతుంటే నా గుండెలో కొట్టినట్టుంది. వీటన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది పైసా ఖర్చులేనిది: పొద్దున ఎనిమిదికల్లా కిటికీలన్నీ మూసేయడం, రాత్రి ఏడింటికి బార్లా తెరవడం. వేసవిలో కిటికీలు పగలు మూయాలంటే నగరం వాళ్లకు వింతగా ఉంటుంది, గాలి ఆడదేమో అంటారు. మా అవ్వ అయితే చెప్పకుండానే మూసేది.

వేడి తర్వాత నన్ను ఏడిపించింది చప్పుడు. హాలు గోడలకు సున్నం అద్దంలా నునుపుగా రుద్దించాను, కింద బేతంచెర్ల నాపరాళ్లు, ఫోటోలో చాలా బాగుంది. అందులో పదిమంది కళ్లు మూసుకుని కూర్చుంటే ఒకరి దగ్గు గోడగోడకూ తగిలి తిరిగొచ్చేది. నునుపైన గట్టి తలాలు చప్పుడును మింగవు. ఒక పొడుగాటి గోడకు నునుపు గీకించి, పొట్టు కలిపిన మట్టిపూత గరుకుగా వదిలేశాం, నేల మీద ఈతచాపలు, పైకప్పు కింద గోనెపట్టాలు కట్టాం. ఇప్పుడు మాట గొణిగినట్టు కాకుండా, మోగినట్టూ కాకుండా దగ్గరగా వినిపిస్తుంది. వంటింటి ఇనుప తలుపు ధడేల్ మనకుండా రబ్బరు బిళ్లలు అంటించడం, బోరు మోటారు పొద్దున తొమ్మిది తర్వాతే వేయడం లాంటివి ఏ ప్లానులోనూ ఉండవు.

నీళ్ల లెక్క తేలిక. చదరపు మీటరు పైకప్పు మీద 550 మిల్లీమీటర్లు పడితే 550 లీటర్లు. మా కప్పులన్నీ కలిపి దాదాపు 200 చదరపు మీటర్లు, అంటే పూర్తిగా పట్టుకోగలిగితే 1,10,000 లీటర్లు, అందులో కొంత ఎగిరిపోతుంది, కొంత మొదటి వానకు కడిగి వదిలేస్తాం. స్నానాల నీళ్లు గులకరాళ్ల మడిలో మెట్టతామర వేళ్ల మధ్య నడిచి తోటకు పోతాయి. ఫ్లష్ అక్కర్లేని ఎండు మరుగుదొడ్డి కూడా ఒకటి కట్టాను, ఇంతవరకు నేనొక్కదాన్నే వాడుతున్నాను.

ఖర్చు అందరూ అడుగుతారు కాబట్టి చెప్తున్నాను, చదరపు అడుగుకు మాకు 1,900 దాకా పడింది, వసారా, దిద్దుబాట్లు కాకుండా. మట్టి ఇల్లు చవక అనుకుని దిగేవాళ్లు ఆగండి. సరుకు చవక, మనిషి పని ఖరీదు. దగ్గర్లో కార్ల ఫ్యాక్టరీ వచ్చాక మట్టి తొక్కడానికి కుర్రాళ్లు రారు, వచ్చినవాళ్లకు ఫ్యాక్టరీ రేటు ఇవ్వాలి, ఇచ్చాను, అది న్యాయమే. కిటికీ చట్రాల్లో రెండింటిని చెదలు తినేశాయి, వేపనూనె వాటికి వేపుడులా అనిపించిందేమో. పునాదికీ శ్లాబుకూ సిమెంటు వాడాం, ఇనుము వాడాం, కాబట్టి ఎవరైనా "నూరు శాతం సహజం" అని మా గురించి రాస్తే తీసేయమని చెప్తాను.

పోయిన వేసవిలో మేస్త్రీని బండి మీద ఎక్కించుకుని తీసుకొచ్చాం. కళ్లు సరిగా కనపడటం లేదు ఇప్పుడు. వసారా గుంజ పట్టుకుని, తడికె తడిమి, గోడకు అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. "ఎద్దుల్ని ఎప్పుడు తెస్తావు పాపా?" అన్నాడు. నేను నవ్వాను గానీ ఆయన నవ్వలేదు.

వసారా వచ్చాక గదుల్లోంచి సూర్యాస్తమయం కనపడదు. వెబ్‌సైట్లో ఆ ఫోటో తీసేశాం, దాంతో కొంతమంది తగ్గారు కూడా. చూడాలనుకునేవాళ్లకు తూర్పు గదుల పక్కనున్న మెట్లు చూపిస్తాను, మిద్దె ఎక్కితే కొండలన్నీ కనిపిస్తాయి. ఎక్కినవాళ్లలో చాలామంది దిగరు, చీకటి పడ్డాక కిందికి కేకేసి దిండ్లు అడుగుతారు. అందుకే ఈ ఏడాది బుకింగ్ ఫారంలో ఒక లైను చేర్చాను: ఏప్రిల్, మే నెలల్లో పడక మిద్దె మీద కావాలంటే ముందే చెప్పండి, చాప, దోమతెర మేమిస్తాం.